చుక్కానియుఁ దెడ్డును

చుక్కాని యను మాట చెవిని బడఁగానే చుక్క యను మాట తోఁచుట సహజము. నావికుఁడు రాత్రివేళ నక్షత్రమును గుఱిగా నుంచుకొని యోడను ద్రిప్పును గావున, త్రిప్పుట కుపయోగించు సాధనమునకుఁ జుక్కాని యని పేరు గలిగినదని వ్యుత్పత్తి చెప్పుట కష్టము గాదు. వినుట కింపైన యీ వ్యుత్పత్తి నిలుచునా నిలువదా యని తెలిసికొనుటకు శబ్దమొక్కటియే చాలదు. ఆ సాధన మెట్టిది, అది యే తీరమునుండి వచ్చినది, దానికి ముందు మన నావికులు దేనితో నోడలను ద్రిప్పిరి యను సంగతులను గూడఁ జూడవలెను. ఈ విచారణవలన మఱియొక సంగతియుఁ దేలును. మన తీరమునందలి తెప్పలకుఁ జుక్కాని లేకుండుట నావికుల యజ్ఞానమువలనఁ గలిగినది కాదు; తీరస్వభావము నెఱిఁగి వారు చేసికొన్న నిర్ణయమువలనఁ గలిగినది.

ముందుగా సంస్కృత పదములను జూతము. అమరకోశమున వారివర్గమునందు ఓడకు సంబంధించిన పదములు కొన్ని యొకచోటఁ గూర్పఁబడినవి. ఓడను ద్రోయు కఱ్ఱకు నౌకాదండము, క్షేపణి యనియు, త్రిప్పుదానికి అరిత్రము, కేనిపాతకము అనియు, నడపువానికిఁ గర్ణధారుఁడు, నావికుఁడు అనియు నందుఁ బేర్లు గలవు. త్రోయు తెడ్డును ద్రిప్పు తెడ్డును వేఱువేఱని యా కాలమునకే యెఱుఁగుదురని దీనివలన స్పష్టమగుచున్నది. అయినను ఋగ్వేదమునందు నూఱు అరిత్రములు గల నావ యొకటి వర్ణింపఁబడియున్నది. ఒక నావకు నూఱు చుక్కాను లుండవు గదా! అచ్చట నరిత్ర మనఁగాఁ ద్రోయు తెడ్డే. త్రోయుదాని పేరు కాలక్రమమునఁ ద్రిప్పుదానికిఁ జెల్లుట, త్రిప్పు సాధనము తెడ్డునుండియే పుట్టినదనుటకు శబ్దరూపమైన సాక్ష్యము.

కర్ణధార శబ్దము మఱింత విచారింపఁదగినది. కర్ణమనఁగాఁ జెవి. నిఘంటువులు కర్ణ శబ్దమునకు నోడను ద్రిప్పు సాధన మను నర్థమును గూడఁ జెప్పుచున్నవి. తలకు రెండువైపులఁ జెవులున్నట్లు ఓడ వెనుకభాగమున నిరుప్రక్కల రెండు పెద్ద తెడ్లు వ్రేలాడుచుండుటచే నీ యర్థము గలిగినదని యూహింపవచ్చును. ఈ యూహకుఁ బ్రాచీన చిత్రములు తోడ్పడుచున్నవి. శాతవాహనుల సీసపు నాణెములలోఁ గొన్నిఁటిపై రెండు స్తంభముల యోడబొమ్మ గలదు. కోరమండల తీరమున దొరకిన యీ నాణెములపై నోడ వెనుకభాగమునఁ ద్రిప్పు తెడ్లు గానవచ్చుచున్నవి. అజంతా రెండవ గుహలో, క్రీ. శ. 5వ శతాబ్దమునాఁటి చిత్రమునందు, మూఁడు స్తంభముల యోడకు వెనుక నిరుప్రక్కలఁ ద్రిప్పు తెడ్లు తగిల్పఁబడియున్నవి. జావాద్వీపమున 8, 9 శతాబ్దములలోఁ గట్టఁబడిన బోరోబుదూరు స్తూపముపైఁ జెక్కిన యోడలకును దెడ్లే సాధనములు. ఆ శిల్పములను జూచి కట్టిన యోడ యొకటి 2003లో జకర్తానుండి బయలుదేఱి 2004లో ఆఫ్రికా పశ్చిమతీరమునందలి ఘనా దేశమును జేరినది. కావున ప్రక్కతెడ్డు మహాసముద్రమునకుఁ జాలని సాధన మనుటకు వీలులేదు.

ఇఁక దేశ్యపదములు. తెడ్డు, తెప్ప, దోనె, ఓడ, పడవ, సంగడి యనునవి తెలుఁగు నావికుల నిత్యవ్యవహారమునందలి మాటలు. వీనిలో సంగడి యను పదమున కొక విశేషము గలదు. జత, చెలిమి, సామీప్యము అను నర్థములతోఁబాటు, రెండు దోనెలను జేర్చి కట్టిన పడవ యను నర్థమును దానికిఁ గలదు. గోదావరీ కృష్ణా ముఖభూములందుఁ దాటిమ్రాఁకులను దొలిచి చేసిన దోనెలను రెండింటిని అడ్డుకఱ్ఱలతోఁ గూర్చి యేఱు దాఁటుట ప్రసిద్ధము. ఒంటిదోనె సులభముగా దొరలును, జంటదోనె దొరలదు. క్రీ. శ. 1వ శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయఁబడిన పెరిప్లస్ అను గ్రంథము మన తూర్పుతీరపు రేవులను వర్ణించుచు, ఒంటిమ్రాని దోనెలను గూర్చి కట్టిన పెద్ద పడవలకు సంగర యని పేరు చెప్పినది. పండితులు దీనిని సంగడి, చంగాడము మొదలగు పదములతోఁ బోల్చియున్నారు.

నేఁడు లోకమంతట రెండు దోనెల పడవకుఁ గాటమరాన్ అని పేరు. ఇది తమిళమునందలి కట్టుమరము. కట్టుమర మనఁగాఁ గట్టిన మ్రాకులు, అనఁగా మన తెప్ప; జంటదోనె కాదు. విలియం డాంపియర్ అను నాంగ్లనావికుఁడు 1697లోఁ బ్రకటించిన తన యాత్రాగ్రంథమునఁ గోరమండల తీరమునందలి యీ మ్రాకుల తెప్పలను వర్ణించి వాని పేరును దెలిపెను. సర్ విలియం పెట్టి 1662లో డబ్లిన్ నగరమున రెండు దోనెల యోడను గట్టించెనుగాని, దాని కీ పేరు లేదు. 1876లో నాథనేల్ హెరెషాఫ్ అమెరికాలో అమరిల్లిస్ అను జంటదోనె పడవను నడపి పందెమున గెలిచిన కాలమునుండి కాటమరాన్ అను పేరు దానికిఁ జెల్లుచు వచ్చినది. ఇట్లు తెప్పపేరు సంగడికిఁ బోయినది. సంగడిపేరు సంగడీఁడను మాటలోఁ జెలిమికి మిగిలినది.

తెడ్డును ద్రోసి వచ్చిన చుక్కాని యెట్టిది? ఓడ వెనుకకమ్మికి బందులతోఁ దగిల్పఁబడి, తలుపువలె నిటునటు తిరుగు పలకయే చుక్కాని. తెడ్డు నావికుని చేతి బలముచే నిలుచును. చుక్కాని యోడ కంగమై నిలుచును. చీనాలోఁ గాంటన్ నగరమున నొక సమాధిలో దొరకిన మట్టి పడవబొమ్మ క్రీ. శ. 1, 2 శతాబ్దములనాఁటిది. దానికి వెనుకభాగమునఁ జుక్కాని గలదు. అరబ్బు భూగోళకారుఁడైన అల్ ముఖద్దసీ 985 ప్రాంతమున వ్రాసిన గ్రంథమున, ఎఱ్ఱసముద్రమునందుఁ జుక్కాని పట్టినవాఁడు రెండు త్రాళ్లను లాగి యోడను ద్రిప్పు విధమును వర్ణించెను. 1237లో అల్ వాసితీ చిత్రించిన హరీరీ మఖామాతుల ప్రతియందు వెనుకకమ్మికిఁ దగిల్చిన చుక్కాని స్పష్టముగాఁ గానవచ్చుచున్నది. ఐరోపాలో 1180 ప్రాంతమునఁ జెక్కిన వించెస్టరు, జెడెల్‌గెం జ్ఞానస్నానపు తొట్లపై నిట్టి చుక్కానులు గలవు.

అరబ్బీభాషలో నీ సాధనమునకు సుక్కాన్ అని పేరు. గుజరాతీలో సుకాన్, మరాఠీలో సుకాణూ, కన్నడమునఁ జుక్కాణి, మలయాళమునఁ జుక్కాన్, తమిళమున సుక్కాన్, తెలుఁగునఁ జుక్కాని. అరబ్బుల వర్తకము నడచిన తీరమంతటను ఒక్కమాటయే స్వల్పభేదములతోఁ గానవచ్చుచున్నది. చుక్కకు గుజరాతీలోను మరాఠీలోను వేఱు మాట లుండఁగా, ఆ భాషలలో నీ సాధనమున కీ పేరే యుండుట చుక్కనుండి పుట్టిన వ్యుత్పత్తిని ఖండించుటకుఁ జాలును. చుక్కాని పట్టువానిని సుక్కానీ యనుట పారసీకమునఁ గలదు. అదియే యాంగ్లనావికుల నోట సీకన్ని యైనది. తెలుఁగు పదము చివరి యికార మీ రూపమును దలపించుచున్నది. లంగరు, సరంగు అను మాటలును బారసీకమునుండి యిట్లే వచ్చినవి. ఓడలోని కొత్త సాధనములు తమ పేళ్లను దామే మోసికొని వచ్చుట సర్వసాధారణము.

ఈ రాకపోకలకుఁ దెలుఁగుతీరమున సాక్ష్యములు గలవు. కాకతీయ గణపతిదేవుఁడు శక సంవత్సరము 1166, అనఁగా క్రీ. శ. 1244 ప్రాంతమున, మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనము ప్రసిద్ధము. ద్వీపాంతరములకుఁ బోవుచు గాలివానకుఁ జిక్కి తీరమునఁ బడిన యోడలలోని సర్వస్వమును బూర్వరాజులు హరించుచుండిరి. గణపతిదేవుఁడు దయతో నియతమైన సుంకము దప్ప దక్కిన దంతయు వర్తకులకే విడిచెను. ఓడ తిరుగు సాధనము విఱిగి యొడ్డునఁ బడుట వర్తకుని ప్రాణమునకే గాక సర్వసంపదకును ముప్పు; శాసనము తొలఁగింపఁజూచిన భయమందు నది యొకటి. శ్రీనాథుఁడు హరవిలాసమును గృతి యిచ్చిన యవచి తిప్పయసెట్టి హురుమంజినుండి గుఱ్ఱములను, సింహళమునుండి యేనుఁగులను, చీనానుండి పట్టుబట్టలను దెప్పించిన వర్తకుఁడు. పారసీక సింధుశాఖతో నిట్టి సంబంధము గల తీరమునకుఁ జుక్కాని వచ్చుట వింతగాదు.

వచ్చిన చుక్కానిని దెలుఁగువారు పెద్దయోడలకుఁ దగిల్చిరి. గోదావరీముఖమునఁ గోరంగి రేవు ఓడలు కట్టుటకును బాగుచేయుటకును బేరుపడినది. 1839 నవంబరునాఁటి తుపాను దానిని నాశనము చేయువఱకు నచ్చట నా పరిశ్రమ సాగినది. బర్మాకుఁ బోయిన తెలుఁగువారికిఁ గోరంగీలని పేరు గలుగుట కీ రేవే కారణము. ఇట్లు చుక్కానిని జక్కఁగా నెఱిఁగిన ప్రజలే తమ తెప్పలకు మాత్రము దానిని దగిల్పలేదు. కారణమేమి?

కారణము తీరమునందే కలదు. మన తూర్పుతీరమునఁ జాలచోట్ల సహజమైన రేవులు లేవు. కెరటములు ఒడ్డునకుఁ గొంతదూరముననే విఱిగి, ఇసుకతిన్నెలపైఁ బొర్లుచుండును. అడుగునకుఁ గ్రిందుగా వ్రేలాడు పలక యేదైనను ఆ యిసుకకుఁ దగిలి విఱుగక మానదు. విఱిగినపుడు పడవ కెరటమున కడ్డము తిరిగి బోల్తాపడును. తెడ్డునకో యీ బాధ లేదు. ఇసుక తగులు ననఁగానే నావికుఁడు దానిని బైకెత్తును; కెరటము దాఁటఁగానే మఱల దింపును. పడవ కదలక నిలిచినపుడు సయితము తెడ్డు దాని మొగమును ద్రిప్పఁగలదు. చుక్కానికో నీరు పాఱినఁగాని పట్టు దొరకదు. ఇందువలననే కొబ్బరిపీఁచు త్రాటితోఁ బలకలను గుట్టి చేసిన మసూలా పడవలకును వెనుకఁ బొడవైన తెడ్డే సాధనము.

తెప్పయం దీ వివేకమే మఱియొక రూపమునఁ గానవచ్చును. ఉత్తరాంధ్రతీరపుఁ దెప్పను రెండు చీలికలుగాఁ జేసి, సముద్రమునకుఁ బోవునపుడు రెంటిని ద్రాళ్లతో బిగించి, తిరిగివచ్చినపుడు విప్పి యిసుకపై నారఁబెట్టుదురు. మ్రాను నీరు పీల్చి బరువెక్కుటకు నిది మందు. విప్పి కట్టినప్పుడెల్ల త్రాడు నావికుని చేతినుండి పోవును. ఎచ్చట నఱిగినదో వానికి నంతలోనే తెలియును. బాగుచేయుట యచ్చట వేఱు పనిగాదు, ప్రయాణమునందే యొక భాగము.

ఇట్లు తెడ్డు విడువకుండుటకుఁ గల హేతువు, అదే చిక్కు ఇతరతీరములలో నెదురైనపు డచ్చటివారు చేసిన పనివలన మఱింత స్పష్టమగును. పాలినీషియా ద్వీపములవారు జంటదోనెలపై మహాసముద్రమును దాఁటిన ఘనులు. వారి త్రిప్పు సాధనమును దెడ్డే. హవాయిభాషలో దానికి హోయె ఊలి యని పేరు. 1975లో హవాయిలో నీటికి దింపిన హోకులేయా యను జంటదోనె 1976లో నీ తెడ్డుతోనే, దిక్సూచి లేకుండ, తాహితీ చేరినది. అదే హవాయిలో 1947లో వుడీ బ్రౌన్ మొదలగువారు వైకీకీ కెరటములలోనుండి పోవుటకై మను కై యను జంటదోనె తెఱచాప పడవను గట్టిరి. కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్ 1968లోఁ బ్రకటించిన 14 అడుగుల కాటమరాన్, దాని వెంట వచ్చిన 16 అడుగులదియు నిసుకతీరమునుండియే నీటికిఁ బోవునట్లు చేయఁబడినవి. వీనిలోఁ జుక్కానిపలక యిసుకకుఁ దగులఁగానే బందు విడి తనంత వెనుకకు లేచును. తెప్పపై నావికుని చేయి చేసిన పనిని ఇచ్చట యంత్రపు బందు చేయుచున్నది. తెప్పవాని యాలోచనయే చుక్కానియందుఁ బ్రవేశించిన దన్నను దప్పుగాదు.

అయితే చేతికి మాఱుగా బందు వచ్చినపుడు, చేతికి సహజముగాఁ దెలియు దోషములను గన్నుతో వెదకి తెలిసికొనవలసి వచ్చును. చిన్న కాటమరానునకు రెండు దోనెల వెనుక రెండు చుక్కాను లుండును; వాని పిడులను ఒక యడ్డుకఱ్ఱ కలుపును. ఈ కూర్పున మొదట నఱుగునది సీలయు, సీల తిరుగు వలయమును. వలయమునఁ గొంచెము వదులు పలక కొనయందుఁ బెద్దదై, నీటి వడిలోఁ బలక వణఁకును. సీలను, వలయపు లోపలి గొట్టమును గాలానుసారముగా మార్చిన నీ దోషము తీరును. రెండవది సమత. పలకలు రెండును సమాంతరముగా లేనిచో నొకదాని పని నింకొకటి చెఱచును. పడవ నీటి నీడ్చుకొని పోవును. రెండు పలకల ముందంచుల నడిమి దూరమును వెనుకయంచుల నడిమి దూరమును గొలిచి, అడ్డుకఱ్ఱను బొడిగించియో కుదించియో సరిచేయవలెను. మూఁడవది తిరుగు కోణము. పడవ తిరుగునపుడు లోపలి దోనె చిన్న వలయమునను, వెలుపలి దోనె పెద్ద వలయమునను బోవును. కావున లోపలి చుక్కాని యెక్కువగాఁ దిరుగవలెను. పిడులను గొంచెము లోపలికి వంచి బిగించిన నీ భేదము తనంతఁ గలుగును.

నాలుగవది పలక పూర్తిగా దిగుట. పైకి లేచు బందు సగమే దిగినచోఁ బలక వెనుకకు వాలి, నీటి యొత్తిడి తిరుగు కీలునకు దూరముగాఁ బడును. అప్పుడు పిడి చేతికి మిక్కిలి బరువగును. గాలి హెచ్చినదని నావికుఁడు భ్రమించును. నిజమునకు బందు తాళము వదులైనది. పలకను నిలువుగా దింపి, అంచులో నొక చిన్న భాగము కీలునకు ముందుండునట్లు చేసినఁ బిడి తేలికపడును. అయిదవది లోహవిరోధము. ఉప్పునీటియందు ఉక్కుసీల అల్యూమినియముతోఁ దాఁకియున్నచో నల్యూమినియము తినివేయఁబడును. నడుమ విద్యుత్తు సాఁగని పొరను ఉంచవలెను. కఱ్ఱపలకయందు సీల దూర్చిన రంధ్రము నీరు పీల్చి క్రుళ్లును. దానిని వెడల్పుచేసి బంకతో నింపి, ఆఱిన పిమ్మట మఱల దొలుచుట నేఁటి పనివారి పద్ధతి.

ఈ దోషములలోఁ జాల భాగము లోహపు బందువలనఁ గలిగినవని యెఱిఁగి, జేమ్స్ వారం అను నాంగ్ల నౌకానిర్మాత 1980లనుండి తన చిన్న జంటదోనెలలో బందులనే తీసివేసెను. పలకకును దోనె వెనుకకమ్మికిని వరుసగా రంధ్రములు చేసి, త్రాటిని ఎనిమిది యంకె చొప్పున నటునిటు పోనిచ్చి కుట్టెను. త్రాడే బందు. సీల లేదు, వలయము లేదు, త్రుప్పు లేదు. అఱిగిన త్రాడు కంటికిఁ గానఁబడును. క్రొత్తది కుట్టుటకుఁ గమ్మరి యక్కఱలేదు. పాలినీషియా దోనెలనుండి తన విద్యను గ్రహించిన యీ నిర్మాత చేసిన కుట్టుపని, మసూలా పడవల కుట్టుపనికి దూరబంధువు. మెఱుఁగుపఱచుట యనఁగా నెల్లప్పుడు క్రొత్తదానిని జేర్చుటయే కాదు. చెడిపోవుదానిని దగ్గించుటయుఁ గావచ్చునని దీనివలనఁ దెలియును.

తెలుఁగుతీరమునఁ గూడ నీ చరిత్ర ముగియలేదు. 20వ శతాబ్దాంతమునుండి మ్రాకుల తెప్పల స్థానమున నారబంకతోఁ జేసిన ఫైబరు తెప్పలు వచ్చినవి. వానికి యంత్రములును వచ్చినవి. ఆ యంత్రములలోఁ బెక్కింటికి వెనుకఁ బొడవైన యినుపకడ్డీయు, దాని కొనయందు నీటిని ద్రోయు ఱెక్కలును గలవు. నావికుఁడు పిడి పట్టి కడ్డీని ఇటునటు త్రిప్పినఁ దెప్ప తిరుగును. ఇసుక చేరువకాఁగానే కడ్డీని నీటినుండి పైకెత్తును. త్రోయుట, త్రిప్పుట, ఎత్తుట యను మూఁడు పనులును ఒక్క సాధనమునందే చేరినవి. ఈ మూఁడును బూర్వము తెడ్డు చేసిన పనులే.

కావున చుక్కాని యను పదమును బాలురకు బోధించునపుడు దానిని జుక్కతో ముడిపెట్టక, సుక్కాన్ అను నరబ్బీపదముతోఁ గలిపి చెప్పుట యుక్తము. అట్లు చెప్పుటవలన మోటుపల్లి వర్తకమును, హురుమంజి గుఱ్ఱములును దానితోఁబాటు బోధపడును. తెడ్డును జుక్కానికి ముందున్న మోటుసాధనముగా వర్ణించుటయు మానవలెను. రెండును రెండు తీరములకుఁ దగిన రెండు సాధనములు. సంగడి శబ్దమునకు నిఘంటువులలో నున్న జంటదోనె యను నర్థమును మఱల వ్యవహారమునకుఁ దెచ్చినచో, లోకమంతటఁ గాటమరానని పిలువఁబడు పడవను జెప్పుటకుఁ దెలుఁగున వేఱొక మాటను వెదకఁ బనిలేదు.